ఒకటో నంబరు ఇంటి సర్వే

సర్వే మొదలయ్యే రోజు ఫోన్‌లో మొదట ఎక్కించేది మా ఇంటినే. అది రూలు కాదు, నా అలవాటు. మాది పాలమ్మే ఇల్లు. జహనుమా బస్తీలో మా మామగారి కాలం నుంచీ బర్రెలున్నాయి. మా ఆయన రోజూ మొదటి లీటరు ఒకే ఇంట్లో పోస్తాడు, ఆ ఇంటావిడ చేతి బోణీ మంచిదని. ఆవిడ ఊరెళ్ళిందంటే ఆ రోజంతా ఆయన మొహం చూడలేం. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. దగ్గుందా? లేదు. సాయంత్రం పూట జ్వరం వస్తోందా? లేదు. బరువు తగ్గారా? లేదు. మొదటి ఇల్లు మంచి మాటతో మొదలైతే మిగతావన్నీ అలాగే సాగుతాయని నమ్మకం. బస్తీ దవాఖానా మెట్ల మీద కూర్చుని, ఎవరినీ ఏమీ అడగకుండా, మా ఇంటి నలుగురికీ 'లేదు' నొక్కేసి, ఫోన్ కళ్ళకద్దుకుని లేచేదాన్ని.

నేను ఆశా వర్కర్ని. ఇంటింటికీ తిరిగి ఎవరికేం ఉందో రాసి పైకి పంపడం నా పని. ఆ మధ్య చేసింది టీబీ సర్వే. నెల తర్వాత నెల, మూడు విడతలు. రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్ళు కనబడితే పేరు ఎక్కించాలి, చిన్న డబ్బా చేతికిచ్చి పొద్దున్నే తెమడ పట్టించి తీసుకురావాలి. వినడానికి ఇంతే. కానీ ఫోన్ బయటకు తీయగానే మా గల్లీల్లో సగం తలుపులు దగ్గరకు పడతాయి. పేరు ఎక్కితే పిల్లకు సంబంధం రాదని ఒకరు, ఇల్లుగలాయన ఖాళీ చేయిస్తాడని ఒకరు. "యే సబ్ లిఖ్‌కే కాఁ భేజ్‌తే తుమ్?" అని ఒక ముసలమ్మ ప్రతిసారీ అడిగేది. ఇదంతా రాసి ఎక్కడికి పంపుతారని ఆవిడ అనుమానం. నాకు కోపం ఆగేది కాదు. ఎండలో మూడంతస్తులు ఎక్కి అడిగితే ఈ బేరాలేమిటని మండిపోయేది. "దాస్తె ఎవలకమ్మా నష్టం? ఇంట్ల పిల్లలు లేరా?" అని గట్టిగానే అనేదాన్ని. ఒకటి రెండు ఇళ్ళల్లో ఆడవాళ్ళను ఏడిపించాను కూడా. అందరూ నన్ను చూసి భయపడి నిజం చెబుతారని దవాఖానా నర్సమ్మ మెచ్చుకునేది. ఆ మెప్పు నాకు బాగా రుచించేది.

మా ఇంట్లో నలుగురం. నేను, మా ఆయన, అత్తమ్మ, నాలుగేళ్ళ మా పాప. నేను గల్లీలు పట్టి తిరిగితే పాపను పెంచింది అత్తమ్మే. ముద్దలు కలిపి పెట్టేది ఆమె, పక్కలో పడుకోబెట్టుకునేదీ ఆమె. పాప నాకన్నా ఆమెకే ఎక్కువ మాలిమి అయింది. ఒక్కోసారి నాకు అసూయగా ఉండేది, చెప్పకేం.

ఆ మూడు నెలల్లో అత్తమ్మ జాకెట్లు వదులయ్యాయి. వయసు అనుకున్నాను. మాటకు మాట నడుమ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. గడ్డి దుమ్ము అనుకున్నాను. అంగన్‌వాడీలో తూకం వేస్తే పాప బరువు ఉన్నచోటే ఉంది. తిండి దగ్గర పేచీ ఎక్కువ కదా అని సరిపెట్టుకున్నాను. వేరే ఇంట్లో ఈ మూడూ కనబడితే అక్కడే కూర్చుని, డబ్బా చేతిలో పెట్టి గానీ లేచేదాన్ని కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో అడగకుండానే రచ్చకు బయల్దేరాను.

మూడో విడత అయ్యాక తనిఖీ పెట్టారు. ఒక బస్తీ ఆశాను ఇంకో బస్తీకి పంపి, కొన్ని ఇళ్ళు మళ్ళీ అడిగిస్తారు. ఏ ఇళ్ళో ఫోనే చూపిస్తుంది, మన చేతిలో ఉండదు. మా బస్తీకి యాకుత్‌పురా వైపు నుంచి ఒకామె వచ్చింది. నాకన్నా చిన్నది, చాలాకాలంగా ఎరుగుదును. ఫోన్ చూసి నవ్వింది.

"అక్కా, నీ ఇల్లే వచ్చింది. ఛాయ్ పెట్టు ఇగ."

నేనూ నవ్వాను. వెంటబెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. మా ఆయన పాలు పోయడానికి వెళ్ళాడు, అత్తమ్మ వెనక కొట్టంలో ఉంది. పాప గడప మీద కూర్చుని బిస్కెట్ తింటోంది. నేను పొయ్యి మీద పాలు కాస్తుండగా ఆమె పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆటకన్నట్టే అడిగింది.

"మీ ఇంట్ల ఎవలన్న దగ్గుతరా బిడ్డా?"

"నానమ్మ దగ్గుతది," అంది పాప. "బర్ల కాడికి పొయ్యి దగ్గుతది. గిట్ల." గుండెల మీద చెయ్యి పెట్టుకుని, వంగి, ఊపిరి అందనట్టు దగ్గి చూపించింది. "మమ్మీకి చెప్పొద్దన్నది."

అది పిల్ల ఊహించి చేయగలిగే దగ్గు కాదు. అలాంటి దగ్గు నేను ఎన్ని ఇళ్ళల్లో విన్నానో నాకు తెలుసు. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా చెయ్యి కదల్లేదు.

ఆమె పాపను కిందికి దించింది. నవ్వు పోయింది. ఫోన్ నా వైపు తిప్పింది. దాంట్లో నేను ఎక్కించిన 'లేదు'లు వరసగా కనబడుతున్నాయి.

"అక్కా, మూడు సార్లు లేదనే ఉన్నది. నన్నేం రాయమంటవ్?"

నిజం రాయమని చెప్పాలి. నాకు తెలుసు. కానీ నా నోట వచ్చింది వేరు.

"దుమ్ము పడదే ఆమెకు. రెండు రోజులు ఆగు చెల్లె. నేనే అరుసుకుంట."

ఏయే గడపల ముందు ఏయే ఆడవాళ్ళు నన్ను ఇలాగే బతిమాలారో ఆ క్షణంలో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. నేను ఒక్కరికీ రెండు రోజులు ఇవ్వలేదు. ఆమె ఇచ్చింది. ఛాయ్ తాగకుండానే వెళ్ళిపోయింది.

కొట్టంలోకి వెళ్ళాను. అత్తమ్మ తొట్టి కడుగుతోంది. నన్ను చూడగానే విషయం అర్థమైంది ఆమెకు.

"ఎప్పటి సంది?" అన్నాను.

"బోనాలు అయినప్పటి సంది."

అంటే మొదటి విడత కన్నా ముందే. నేను మెట్ల మీద కూర్చుని 'లేదు' నొక్కిన మూడుసార్లూ ఆమె ఇక్కడ బర్రెల మధ్య దగ్గుతూనే ఉంది.

"రెండు వారాల దగ్గంటె ఏందో తెల్వదా నీకు?"

"ఎందుకు తెల్వది? ఇంట్ల నువ్వు పొద్దుమాపు అవే సదువుతవు. నాకు నోటికి వచ్చినయి." తొట్టి మీద చేతులు ఆనించి నిలబడింది. "నా పేరు ఎక్కితె మన పాలు ఎవలు పోయించుకుంటరు? ఊరందరికి చెప్పేదానివి, నీ ఇంట్లనే ఉన్నదంటె నీ నౌకరీ ఏం గావాలె?"

"మరి పిల్ల?"

అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"దూరం పండవెడ్త అనుకున్న. అది ఇంటదా? మెడ పట్టుకుంటది." తర్వాత, నా వైపు చూడకుండా అంది, "నువ్వు అడిగితె చెప్తుంటినేమో. నువ్వు అడగలె."

ఆమె మీద అరవాలని వెళ్ళాను. అరవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

మర్నాడు తెల్లారగానే డబ్బా ఇచ్చాను. ఎన్ని వందల మందికి చెప్పానో ఆ మాటలే మళ్ళీ చెప్పాను. నోరు పుక్కిలించు, లోపలి నుంచి తియ్యి, ఉమ్మి కాదు. నా గొంతు నాకే పరాయిగా వినబడింది. దవాఖానాలో నర్సమ్మకు ఇచ్చి, పేరు చెప్పేటప్పుడు ఆమె ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ రాసుకుంది. ఏమీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ రోజు నాకు మనసు నిలవలేదు. పాప దగ్గితే ఉలిక్కిపడ్డాను. దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదా అని ఛాతీ మీద చెవి ఆనించాను. నుదురు తాకాను, మెడ కింద గడ్డలేమైనా ఉన్నాయా అని తడిమాను. పదిసార్లు తడిమితే చక్కిలిగింతలని నవ్వింది. చిన్నపిల్లలకు సోకితే అది ఊపిరితిత్తుల దగ్గరే ఆగదని, మెదడు దాకా పోవచ్చని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. అప్పుడు అది కాగితం మీద ఒక లైను. ఇప్పుడు నా ఒళ్ళో కూర్చుని జడ వేయించుకుంటోంది. నాకు వచ్చిందేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. నా కూతురికి నేను తెచ్చిపెట్టానన్న భయం తప్ప ఇంకేదీ లోపలికి రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం నర్సమ్మ ఫోన్ చేసింది. "ఉన్నది," అంది. "నువ్వే వచ్చి రాయి."

వెళ్ళి రాశాను. యాకుత్‌పురా ఆమెకు కూడా చెప్పాను, ఇక నిజం ఎక్కించెయ్యమని. ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే చాలాసేపు క్యాను మూత తిప్పుతూ కూర్చున్నాడు. పాల ఇళ్ళ గురించి అంటాడేమో అనుకున్నాను. "పిల్లను ఎప్పుడు చూపిస్తవ్?" అన్నాడు. అత్తమ్మ తన చాప, దుప్పటి తనే తీసుకెళ్ళి ముందు వరండాలో వేసుకుంది. పాప తలుపు దగ్గర నిలబడి, నానమ్మ తన మీద ఎందుకు అలిగిందని ఏడ్చింది.

పిల్లలకు ఎక్స్‌రే తీయాలంటే పెద్దాసుపత్రికే పోవాలి. నీలం యూనిఫారం చీర తీసి పెట్టెలో పెట్టి, మామూలు చీర కట్టుకున్నాను. ఎవరైనా గుర్తుపడతారని భయం. అత్తమ్మను కూడా చూడాలన్నారని ముగ్గురం ఆటోలో వెళ్ళాం. ఆమె మొహానికి మాస్కు, దాని మీద కొంగు. పాపను ఆమెకు దూరంగా ఇటు చివర కూర్చోబెట్టుకున్నాను. దారంతా పాప నా మీదుగా చెయ్యి చాపుతూనే ఉంది, అత్తమ్మ తన చేతులు చీర కింద దాచుకుని బయటికి చూస్తూనే ఉంది.

ఎక్స్‌రే గదిలో పాపను ఆ చల్లటి పలకకు ఆనించి నిలబెట్టమన్నారు. అంత చిన్న ఛాతీ ఉంటుందని అప్పుడే చూసినట్టు అనిపించింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నేను కన్నాను, రోజూ నీళ్ళు పోశాను, ఎప్పుడు ఇలా అయిందో తెలియలేదు.

డాక్టరు కుర్రవాడే. ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాడు. పాప ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. బరువు కార్డు అడిగి, నెలనెలా రాసిన అంకెల మీద వేలు జరుపుకుంటూ వచ్చి ఆగాడు.

"ఇప్పటికైతే ఫిల్ములో ఏమీ కనిపించడం లేదు," అన్నాడు. "కానీ బరువు పెరగలేదు. ముందు జాగ్రత్త మందు ఆరు నెలలు వాడాలి, నెలనెలా తీసుకురావాలి. ఏ కాస్త జ్వరం వచ్చినా ఆగకుండా రండి."

ఇప్పటికైతే. ఆ మాట తర్వాత నాకు మిగతావి సరిగా వినబడలేదు. ఇప్పటికీ నెలనెలా తూకం మీద పాపను నిలబెట్టేటప్పుడు ఆ మాటే ముందు వస్తుంది.

అతను కాగితాలు తిరగేస్తున్నాడు. అత్తమ్మ చీటీ చూసి మొహం చిట్లించాడు.

"మీ బస్తీలో సర్వే మూడుసార్లు జరిగింది కదా? ఇన్ని నెలల దగ్గు ఎలా తప్పిపోయింది? మీ ఇంటికి ఆశా రాలేదా?" నన్నే చూసి అడిగాడు.

నోరు తెరిచాను. ఉద్యోగం, నర్సమ్మ, నేను ఏడిపించిన ఇళ్ళు, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. చెప్పడానికి రెండే మాటలు కావాలి. అవి రాలేదు.

వెనక స్టూలు మీద నుంచి అత్తమ్మ లేచి నిలబడింది.

"వచ్చింది సారూ. వచ్చినప్పుడల్లా మంచిగ అడిగింది. నేనే లేదని చెప్పిన."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. అతనికి నిజంగానే కోపం వచ్చింది. "ఎందుకమ్మా దాచావు? ఆమె ఎండలో పడి ఇంటికొచ్చి అడిగితే అబద్ధం చెప్తావా? పక్కలో పడుకునే పసిపిల్ల గుర్తు రాలేదా? నీ వల్ల దీనికి ఏమైనా అయితే ఏం చేసేదానివి?" అన్నాడు. ఆ మాటలన్నీ ఏదో ఒక గడపలో నేను అన్నవే. చీటీ మీద ఏదో రాశాడు. సర్వేలో అడిగితే రోగి చెప్పలేదని రాశాడు, నాకు ఆ పొడి అక్షరాలు తలకిందులుగా కూడా చదవడం వచ్చు.

అత్తమ్మ కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"తప్పయింది సారూ," అంది.

నేను పాపను ఎత్తుకుని పక్కనే నిలబడి ఉన్నాను.