గాలి వెళ్ళే వైపు

2023 ఫిబ్రవరి. ఇల్లినాయ్‌లోని అరోరాలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో డిజైన్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఎండాకాలమంతా మెట్ల రెయిలింగులు, ఇనుప గేట్లు చేస్తాం. చలికాలం వచ్చేసరికి పనంతా స్కీ పార్కుల వైపు తిరుగుతుంది. కాళ్ళకు స్కీ పలకలో, స్నోబోర్డో కట్టుకున్న కుర్రకారు మంచు వాలు మీద వేగంగా జారుతూ వచ్చి, ఒక్క ఎగురు ఎగిరి, ఇనుప గొట్టం మీద నిలబడి దాని పొడవునా జారి అవతల దిగుతారు. ఆ గొట్టాన్నే రెయిల్ అంటారు. గొట్టానికి బదులు బల్లలా వెడల్పుగా, పైన ప్లాస్టిక్ పలక బిగించి ఉంటే అది బాక్స్. గొట్టం ఎంత మందం ఉండాలి, వెల్డింగు ఎక్కడ పడాలి, ఎంత బరువుకు ఎంత వంగుతుంది, ఇవన్నీ నాకు కొట్టిన పిండి. కానీ ఆ ఫిబ్రవరి దాకా నేను చేసిన రెయిళ్ళన్నీ కొండవాలు మీద పెట్టేవే.

సాహితి ఫోన్ చేసింది అప్పుడే. నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన అమ్మాయి, ఆసుపత్రిలో ఫిజికల్ థెరపిస్టు. వాళ్ళమ్మ మా ఆవిడకు స్నేహితురాలు.

"అంకుల్, మాకు ఒక రెయిల్ కావాలి. లేక్ మీద పెడతాం."

"లేక్ మీదా? జారడానికి వాలు ఏదమ్మా అక్కడ?"

"స్లోప్ అక్కర్లేదు అంకుల్. మేము స్నోకైటింగ్ చేస్తాం. కైట్ మమ్మల్ని లాగుతుంది."

మాటల్లో అర్థమైంది. గడ్డకట్టిన సరస్సు మీద, నడుముకు కట్టుకున్న పట్టీకి పెద్ద గాలిపటం తగిలించుకుని, దాని లాగుడుతో స్కీల మీద పరుగెత్తే ఆట అది. గాలిపటమంటే మనం ఎగరేసే కాగితం ముక్క కాదు. విప్పి పరిస్తే మా గ్యారేజీ నేలంతా కప్పేస్తుంది. విస్కాన్సిన్‌లో ఒక సరస్సు మీద వాళ్ళ క్లబ్బు రెండు రోజుల ఆట పెట్టుకుంది. అందులో ఏ ఫీచర్ ఎక్కడ ఉండాలో తేల్చే బాధ్యత సాహితిది. ఫీచర్ అంటే ఎగరడానికో జారడానికో పనికొచ్చే ఏదైనా సరే, రెయిల్ కావచ్చు, గాలి పోగేసిన మంచు దిబ్బ కావచ్చు.

నేను ఉత్సాహంగా ఒక డ్రాయింగ్ పంపాను. నడుము ఎత్తున సన్నని రెయిల్, మధ్యలో ఒక వంపు, కింద నాజూకైన నాలుగు కాళ్ళు. స్కీ పార్కులవాళ్ళు ఎగబడి కొనే మోడల్. శనివారం సాహితి స్వయంగా షాపుకు వచ్చింది.

"చాలా బాగుంది అంకుల్. బట్, నాకు వద్దు."

"ఏమైంది?"

"హిల్ మీద గ్రావిటీ లాగుతుంది కదా, అది ఎప్పుడూ కిందకే. విండ్ అలా కాదు. సైడ్‌కి లాగుతుంది, పైకి కూడా లాగుతుంది. ఇంత హైట్‌లో బ్యాలెన్స్ పోతే బాడ్‌గా పడతాం. అండ్ ఈ లెగ్స్... కైట్ లైన్స్ వాటికి చుట్టుకుంటే వదలవు. నాకు లో బాక్స్ కావాలి. సైడ్స్ మొత్తం క్లోజ్ చేయండి. కార్నర్స్ అన్నీ రౌండ్‌గా."

అడిగినట్టే చేశాను. మోకాలికి అందనంత తక్కువ ఎత్తు, నేల దాకా మూసిన పక్కలు, రెండు చివర్లా నేలలోకి కలిసిపోయే వాలు. నా కంటికి అది బోర్లించిన పడవలా మొద్దుగా కనబడింది. బిగించడానికి నేను కూడా రావాలని సాహితి పట్టుబట్టింది. మంచుగడ్డ మీద ఎప్పుడూ బిగించలేదు కాబట్టి నాకూ చూడాలనిపించింది.

సరస్సు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎటు చూసినా తెలుపు, దాని అంచున పెన్సిల్ గీతలా చెట్లు. క్లబ్బువాళ్ళు అప్పటికే గడ్డకు తూట్లు పొడిచి మందం చూశారు, ట్రక్కు నిలిచేంత ఉంది. నేను ఒడ్డు దగ్గర చదునైన చోటు చూపించాను. సామాను దించడానికి తేలిక, చూసేవాళ్ళకూ దగ్గర.

సాహితి వాదించలేదు. సంచిలోంచి చిన్న గాలిపటం తీసింది, కొత్తవాళ్ళకు నేర్పడానికి వాడేది. దాని పట్టుకర్ర నా చేతిలో పెట్టి, "పైకి లేపండి అంకుల్" అంది. లేచింది. లేచి తాగినవాడిలా అటూ ఇటూ ఊగి, ఒక్కసారిగా నలిగి కింద పడింది. మళ్ళీ లేపాను. మళ్ళీ పడింది.

"ట్రీస్ విండ్‌ని బ్రేక్ చేస్తాయి. ఇక్కడ విండ్ ఉన్నట్టే ఉంటుంది, కానీ డర్టీ విండ్. రండి."

సరస్సు మధ్యకు చాలాదూరం నడిచాం. అక్కడ మళ్ళీ పట్టుకర్ర ఇచ్చింది. ఈసారి గాలిపటం లేచి, తలపైన ఒకచోట నిలబడింది. తాళ్ళు బిగుసుకున్నాయి. నా రెండు చేతుల్నీ ఎవరో పట్టుకుని, మొరటుగా కాదు, నమ్మకంగా లాగుతున్నట్టుంది. పాతికేళ్ళుగా కాగితం మీద బాణం గుర్తు గీసి దీన్నే బలం అని రాసుకుంటూ వచ్చాను. అది నా భుజాల్లోకి దిగడం అదే మొదటిసారి. అడుగు ముందుకు పడింది. నేను వేసిన అడుగు కాదది.

సాహితి నవ్వి, గాలి వెళ్ళే వైపు చేయి చాపింది. "దీన్ని డౌన్‌విండ్ అంటాం. కంట్రోల్ పోతే మేము వెళ్ళేది అటే. సో, ఫస్ట్ నేను అటు చూస్తా. బాక్స్ తర్వాత."

ఆ రోజు దక్షిణపు గాలి. ఉత్తరాన కనుచూపు మేర ఏమీ లేదు. గాలికి అడ్డంగా పడుకునేట్టు బాక్స్ పెట్టాం. కైట్ తగిలించుకున్నవాళ్ళు గాలికి అడ్డంగానే పరుగెత్తుతారు, కాబట్టి బాక్స్ వాళ్ళ దారిలోనే ఉండాలి. ఎగరడానికి విడిగా ర్యాంపు కట్టనివ్వలేదు సాహితి. గాలే పోసిన ఒక మంచు దిబ్బను చూపించి, బాక్స్ మొదలు దానికి ఆనించమంది. చుట్టూ మంచు కుక్కి నీళ్ళు పోశాం. కళ్ళ ముందే రాయిలా గట్టిపడింది.

తర్వాత తను కైట్ లేపింది. నేను చూడబోయేది ఏదో సర్కస్ విన్యాసం అనుకున్నాను. అది కాదు. ఆకాశంలో ఎర్రటి కైట్ చప్పుడు లేకుండా వంగింది, కింద మనిషి కదిలింది. ఇంజను లేదు, వాలు లేదు. దిబ్బ ఎక్కి గాల్లోకి లేచి, చెట్టు మీంచి ఆకు దిగినంత నెమ్మదిగా బాక్స్ మీద వాలింది. ప్లాస్టిక్ మీద స్కీలు చేసిన సన్నని జరజర ఒక్కటే వినబడింది. చివర దాకా జారి, దిగి, అదే ఊపులో చుక్కంత అయిపోయింది. నేను చేసిన వస్తువు మీద మనుషులు జారడం వందలసార్లు చూశాను. అలా చేతులు రెండూ తల మీద పెట్టుకుని నిలబడిపోవడం మాత్రం ఎప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున సరస్సు దగ్గరికి వచ్చేసరికి లోకం తిరగబడి ఉంది. రాత్రి చలిగాలి దిగింది. గాలి వాయవ్యం నుంచి వీస్తోంది, కోసేస్తోంది. పొడిమంచు గడ్డ మీద పాముల్లా పాకుతోంది. సాహితి బాక్స్ పక్కన నిలబడి, దాని వైపు కాకుండా ఆగ్నేయం వైపు చూస్తోంది. అక్కడ చేపలు పట్టేవాళ్ళు గడ్డ మీద వేసుకున్న చెక్క గుడిసెలు వరసగా ఉన్నాయి. నిన్న అవి ఎవరికీ అడ్డం కాదు. ఇవాళ సరిగ్గా గాలి వెళ్ళే దారిలో ఉన్నాయి.

"జరపాలి అంకుల్. తిప్పడం కాదు, అక్కడికి." చేత్తో చూపించిన చోటు చాలా దూరం.

"అది గడ్డలో కరుచుకుపోయిందమ్మా. పీకాలంటే పూట గడుస్తుంది."

"నో అదర్ వే."

జనం మూగారు. చాలామంది రాత్రంతా డ్రైవ్ చేసి వచ్చినవాళ్ళు. అందరికంటే ముందు గొణిగినవాడు వాల్ట్. స్కూలు బస్సు నడిపి రిటైరైన పెద్దాయన, ఆ క్లబ్బులో అందరికంటే పాతవాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే, నేను తెలుగులో చెబుతున్నాను.

"సాహితీ, ఆ గుడిసెలు అంత దూరంలో ఉన్నాయి. నేను ఈ సరస్సు మీద నువ్వు పుట్టకముందు నుంచి తిరుగుతున్నాను."

"తెలుసు వాల్ట్. నాకు నేర్పింది కూడా నువ్వే."

"మరి?"

"డౌన్‌విండ్ క్లియర్‌గా లేకపోతే ఆడొద్దని చెప్పింది కూడా నువ్వే."

వాల్ట్ ఆ గుడిసెల వైపు కాసేపు చూశాడు. వెళ్ళి ట్రక్కులోంచి గడ్డపార తెచ్చాడు. అందరం కలిసి తవ్వాం. నా కనురెప్పల మీద మంచు పేరుకుంది. చివరికి బాక్స్ పట్టు వదిలింది. మంచు మీద నడిచే స్నోమొబైల్ బండికి కట్టి ఈడ్చుకుపోయి, అటువైపు ఇంకో దిబ్బ పక్కన కొత్త గాలికి అడ్డంగా పెట్టేసరికి మధ్యాహ్నమైంది. గాలి దెబ్బలు దెబ్బలుగా వస్తోందని, అందరూ చిన్న కైట్లే వాడాలని సాహితి చెప్పింది. వాల్ట్ మాత్రం తన మామూలు కైటే విప్పాడు. "ఇదే నాకు అలవాటు" అన్నాడు. సాహితి రెండోసారి చెప్పబోతుండగానే బయల్దేరాడు.

ఆయన దిబ్బ వైపు వస్తున్నప్పుడు నా వెనక వెలుతురు తగ్గింది. తిరిగి చూస్తే అవతలి ఒడ్డు లేదు. తెల్లటి గోడ ఒకటి సరస్సు మీద నడిచి వస్తోంది. మంచు తుఫాను జల్లు. గాలి ఒక్క తోపు తోసింది, నేను మోకాళ్ళ మీద పడ్డాను.

తల ఎత్తేసరికి వాల్ట్ నేల మీద లేడు.

ఎంత ఎత్తో చెప్పలేను. మా షాపు కప్పు కంటే ఎత్తే. కైట్ ఆయన్ని నిలువునా లేపేసింది. ఇలా లేవడాన్ని లాఫ్టింగ్ అంటారని, ఈ ఆటలో అందరూ భయపడేది దీనికేనని తర్వాత తెలిసింది. మా తలల మీదుగా, గాలి వెళ్ళే వైపు, కాళ్ళకు స్కీలతో ఆ పెద్దమనిషి వెళ్ళిపోతున్నాడు. ఆయన అరవడం లేదు. సాహితి అరుస్తోంది.

"వదలకు! వాల్ట్, రిలీజ్ చేయకు! పట్టుకో!"

నడుము దగ్గర ఒక పిడి లాగితే కైట్ పట్టు తప్పిపోతుంది. దాన్ని గాల్లో ఉండగా లాగితే మనిషి రాయిలా పడతాడు. కైట్‌ను తలపైనే ఉంచి, అది దింపే దాకా ఓపిక పట్టాలి. ఆ ఓపికకు చోటు కావాలి. ముందు గోడ, చెట్టు, గుడిసె ఏదీ ఉండకూడదు. అంతలో జల్లు మమ్మల్ని కప్పేసింది, ఆయన కనబడకుండా పోయాడు.

పరుగెత్తాం. ముందు సాహితి జాకెట్ తప్ప నాకేమీ కనబడలేదు. ఎంతసేపటికో మంచులో రెండు గీతలు దొరికాయి, దిగినచోటు నుంచి ఈడ్చుకుపోయిన జాడ. అది ఎక్కడా ఏ వస్తువుకూ తగలకుండా తిన్నగా సాగింది. దాని చివర వాల్ట్ వెల్లకిలా పడి ఉన్నాడు. కిందికి దిగాకే పిడి లాగాడు. కైట్ అవతల చచ్చిన పక్షిలా పడి ఉంది.

సాహితి మోకరిల్లి మెడ, వెన్ను, కాళ్ళు చూసింది. ఆసుపత్రి చేతులు అవి. "కదలకు. ఎక్కడ నొప్పి?"

"మోకాలు. అదొక్కటే" అన్నాడు. జల్లు ఎలా వచ్చిందో అలాగే దాటిపోయింది. ఎండ పడింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "పైనుంచి చూశాను. కింద ఏమీ లేదు, ఎటు చూసినా ఏమీ లేదు. అంత అందమైనది నేనెప్పుడూ చూడలేదు."

సాహితి ఆయన చేయి పట్టుకుని కూర్చుంది. నేను లేచి దూరంగా గుడిసెల వైపు చూశాను. ఒకదాని పొగగొట్టంలోంచి పొగ వస్తోంది, లోపల ఎవరో చలి కాచుకుంటున్నారు. పొద్దున బాక్స్ ఉన్న చోటు నుంచి గాలి వెళ్ళే వైపు చూపుతోనే గీత గీశాను. అది తిన్నగా ఆ గుడిసె మీదికే పోయింది.

వాల్ట్ మోకాలు వేసవికి బాగైంది. మరుసటి చలికాలం చిన్న కైట్ కొనుక్కుని మళ్ళీ ఆ సరస్సు మీదికే వెళ్ళాడని సాహితి చెప్పింది.

నా వృత్తిలో నేను నేర్చుకున్నదంతా వస్తువు గురించి: దాని మందం, వంపు, అతుకు. రెయిల్‌ను ఎంచుకోవడమంటే దాని చుట్టూ ఉన్న ఖాళీని కూడా ఎంచుకోవడమని, ఒక్కోసారి మనిషిని మోసేది ఆ ఖాళీయేనని ఆ సరస్సు మీద తెలిసింది. ఇప్పుడు ఎవరు రెయిల్ కావాలని ఫోన్ చేసినా, ఎంత పొడవు, ఏ రంగు అని నేను మొదట అడగను. దాని అవతల ఏముందని అడుగుతాను. "ఏమీ లేదు" అని చెప్పాకే గీయడం మొదలుపెడతాను.