తీగ పెట్టనియ్యని ప్రేమలత

ఇరవై రెండేళ్లుగా పిల్లలకు ఫ్యూజు పాఠం చెబుతున్నాను. కారులో ఆ ఫ్యూజులు ఎక్కడుంటాయో మాత్రం మొన్న జూన్ దాకా నాకు తెలియదు. చూపించింది ప్రేమలత.

ఆమె పుట్టింది అమరచింతలో. చిన్నప్పుడే అమ్మానాన్నల వెంట పుణెకు వలసపోయింది. అక్కడ కట్టుబడి పనుల్లో ఇసుక మోస్తూ మోస్తూ, ఆ ఇసుక తెచ్చే బండినే నడపడం నేర్చుకుంది. ఇప్పుడు వనపర్తిలో ఉంటోంది. పాత కారొకటి కొనుక్కుని, మమ్మల్ని రోజూ బడికి తీసుకుపోతానని అడగడానికి బడి తెరిచే ముందురోజు మా ఇంటికొచ్చింది.

వనపర్తి నుంచి ఖిల్లా ఘణపూర్ బడికి పోయివచ్చేవాళ్లం నలుగురం. నేను, లెక్కల భీమయ్య సారు, ఇద్దరు టీచరమ్మలు. ఏళ్ల తరబడి వెంకటన్న బండే మాకు గతి. అతని గుట్కా వాసనతో టీచరమ్మలకు ప్రాణం విసిగి ప్రేమలత వైపు మొగ్గారు. భీమయ్య సారు మాత్రం షరతు పెట్టారు.

"వారం చూద్దాం. ఒక్కనాడు బెల్లు దాటినా మళ్ల వెంకటన్న బండే."

"దాటది సార్," అంది ప్రేమలత. బతిమాలినట్టు లేదు, మాకే హామీ ఇచ్చినట్టుంది.

మూడు రోజులు బాగానే గడిచాయి. గురువారం పొద్దున, ఇంకో పది నిమిషాల్లో ఘణపూర్ అనగా వాన దంచింది. వైపరు రెండుసార్లు ఊగి మధ్యలో నిలబడిపోయింది. ముందు అద్దంలో రోడ్డు లేదు, నీళ్లే. ప్రేమలత బండి పక్కకు ఆపింది.

మా వెనకే ఖాళీ బండితో వెంకటన్న దిగబడ్డాడు.

"ఏందమ్మా, అయిపాయెనా? సార్లూ, వచ్చి ఎక్కుండ్రి. బెల్లుకు ఇంక ఇరవై నిమిషాలే."

భీమయ్య సారు అప్పటికే టిఫిను సంచి చేతిలోకి తీసుకున్నారు.

"పది నిమిషాలియ్యుండ్రి సార్," అంది ప్రేమలత. "పదకొండో నిమిషం అయితే మీరే దిగి పోండ్రి. నేనేమనను."

తాళం తిప్పి బండి పూర్తిగా బంద్ చేసింది. స్టీరింగ్ కింద చిన్న మూత ఊడబెరికింది. మూత వెనక బొమ్మ చూసుకుంటూ వేలితో వరసలు లెక్కబెట్టి, బట్టలారేసే ప్లాస్టిక్ క్లిప్పుతో పసుపుపచ్చ ఫ్యూజొకటి లాగింది. వెలుతురుకు ఎత్తి పట్టింది. లోపల సన్నటి తీగ నడుమ తెగి, నల్లబడి ఉంది.

వెంకటన్న తన బండిలోంచి రాగి తీగ ముక్క తెచ్చాడు. "గిది సుట్టి పెట్టు. బాయికాడ మోటరు డబ్బాల పెడ్తలేమా? జన్మల పోదు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కూడా తలూపాను. మా ఇంట్లో ఉన్నదీ ఆ తీగే మరి. "ఘణపూర్ దాకానే కదా, పెట్టమ్మా."

ప్రేమలత నా వైపు తిరిగింది. "సార్, పిల్లలకు గిదేనా మీరు చెప్పేది?"

వెనక సీట్లో టీచరమ్మలు కిసుక్కుమన్నారు. నేను వాన చూశాను.

"ఫ్యూజు పోకపోతే వైర్లు కాల్తయ్. లోపల మనుషులున్నరు. తీగ పెట్ట," అని, తన దగ్గరున్న కొత్తది తొడిగింది. వైపరు ఒక్కసారి మూలిగి ఆగింది. కొత్త ఫ్యూజూ పోయింది.

"ఇగ దేవుడే దిగిరావాలె," అని వెంకటన్న నవ్వాడు.

"నువ్వయితే జరుగన్నా, ఎలుతురుకు అడ్డమున్నవ్."

వానలోనే కిందికి దిగి వైపరు మొదట్లో వేలు పెట్టి తడిమింది. అక్కడ తిరిగే కీలు చుట్టూ సుతిలి తాడు బిగుసుకుని ఉంది. దాన్ని పళ్లతో కొరికి, మూరెడు బయటికి లాగింది.

"గిది ఎవరు కట్టిండ్రు?"

కొత్త బండిలో పోతున్నామని సోమవారం చామంతి దండ తెచ్చి వైపరుకు నాలుగు ముళ్లు వేసిన పుణ్యాత్ముణ్ణి నేనే. లోపల అద్దానికి వేలాడే ఆమె శిలువను చూసి, 'మీ దేవుడు లోపల, మా దేవుడు బయట' అని చమత్కారం కూడా విసిరాను ఆనాడు. పూలు రాలిపోయాయి, తాడు మిగిలింది.

"నేనేనమ్మా," అన్నాను.

"మంచిది సార్," అంది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఇంకో కొత్త ఫ్యూజు లేదు. ఆమె మళ్లీ మూత బొమ్మ చూసి, సిగరెట్ అంటించుకునే సాకెట్‌ది తీసింది. అదే పసుపుపచ్చది, అదే ఇరవై అంకె. భీమయ్య సారు ఫోను ఛార్జింగ్ టక్కున ఆగింది.

"అరె, నా ఫోను!"

"ఫోను గావాల్నా సార్, బెల్లు గావాల్నా?"

తాళం తిప్పింది. వైపరు అటూ ఇటూ హాయిగా ఊగింది. వెంకటన్న చేతిలో తీగ ముక్క అట్లాగే ఉండిపోయింది.

మేం గేటు దగ్గర దిగేసరికి అటెండరు బెల్లు కొట్టబోతూ మమ్మల్ని చూసి ఆగాడు. ప్రేమలత తడి కొంగు పిండుకుంటూ భీమయ్య సారును అడిగింది.

"వారం దాకెందుకు సార్? వెంకటన్న బండా, నా బండా? ఇప్పుడే చెప్పుండ్రి. మీరెప్పుడు దిగిపోతరో అని రోజూ భయపడుకుంట నేను బండి నడపలేను."

ఆయన గొంతు సవరించుకున్నారు. "సాయంత్రం ముందు సీటు నాకే ఉంచు."

"ముందొచ్చినోళ్లది ముందు సీటు సార్. నా బండిల గట్లనే."