ఇంట్లోకొచ్చిన గొంతులు

పైకప్పు పెచ్చు ఊడి పడినప్పుడు అదృష్టం కొద్దీ దాని కింది కుర్చీలో ఎవరూ లేరు. ఇంజనీరు వచ్చి, తలెత్తి పగులు వంక చూసి, గట్టిగా మాట్లాడితే మిగిలింది కూడా ఎక్కడ రాలుతుందో అన్నట్టు గుసగుసగా, అందరినీ బయటికి నడవమన్నాడు. అలా అంబులెన్స్ కాల్ సెంటర్ ఒక్క పూటలో రోడ్డున పడింది.

ప్రాణం మీదికి వచ్చినవాళ్ల ఫోన్లు మాత్రం ఆగవు కదా. భవనం బాగయ్యేదాకా ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని కాల్స్ తీసుకోవాలని ఆఫీసరు గారు తేల్చారు. కంప్యూటర్లూ, హెడ్‌సెట్లూ వ్యానులో ఇళ్లకు చేరుస్తారు. మిగతాది పెద్దక్క చూసుకుంటుంది.

పెద్దక్క ఆ జట్టుకు పెద్ద. యాభై దాటిన మనిషి. హాజరు పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఇంకెక్కడా కనపడదు. భర్త పోయాక అత్తగారూ తనూ ఒకరికొకరుగా బతుకుతున్నారు. అత్తగారికి చెముడు. మీ కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, "ఫోన్లో మాట్లాడుతుంది, పొద్దస్తమానం," అని చెప్పేది, అదీ ఒక పనేనా అన్నట్టు.

పెద్దక్క జట్టులో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లింది. ఎక్కడ కూర్చుంటే గోడ వైపు ముఖం ఉంటుందో, ఏ తలుపు మూసుకుంటుందో, ఏ కిటికీలోంచి వీధి గోల వస్తుందో చూసి సర్దింది. ఒకప్పుడు బస్సు కండక్టరుగా చేసి ఈ ఉద్యోగంలోకి వచ్చిన ఒకాయన ఉన్నాడు. అందరూ ఇప్పటికీ కండక్టరనే పిలుస్తారు. ఆయనది నగారా లాంటి గొంతు. ఇంట్లో ఉన్నదే రెండు గదులు. చివరికి బట్టల బీరువా పక్కన బల్ల వేయించి, మంచం మీది పరుపుని గోడకు నిలబెట్టించింది, గొంతు పక్కింటికి పోకుండా.

గువ్వ ఇల్లు పెద్దక్క ఇంటికి రెండు వీధుల అవతల. జట్టులో అందరికంటే చిన్నది ఆమే. గొంతు మెత్తన. ఏడ్చేవాళ్లు కూడా ఆ గొంతు వింటే ఏడుపాపి చెప్పినట్టు చేస్తారని పేరు. భర్త ఎక్కడో దూరంగా వంతెన పనిలో ఉన్నాడు. ఇంట్లో తనూ, నాలుగేళ్ల కూతురూ. వంటగది పక్కన చిన్న గదిలో బల్ల వేశారు. పని వేళ పాపని పక్కింటావిడ చూసుకునేలా మాట్లాడి పెట్టింది పెద్దక్క. అన్నీ కుదిరాయనుకుంది.

కుదరనిది ఏమిటో మొదటి వారం గడిచేసరికి తెలిసింది.

ఆఫీసులో చెడ్డ కాల్ వస్తే ఎవరూ ఏమీ అనేవారు కాదు. పక్క కుర్చీలోంచి ఒక చెయ్యి మంచినీళ్ల గ్లాసు జరిపేది. ఇంకొకరు లేచి ఫ్యాను పెంచేవారు. అంతే. డ్యూటీ దిగి మెట్ల మీద ఏదో జోకేసుకుంటూ, ఆ భయాన్ని అక్కడే చెప్పుల దుమ్ములా దులిపేసి ఇంటికి పోయేవారు. ఇప్పుడు దులపడానికి మెట్లు లేవు. కాల్ అయిపోతుంది. గొంతు ఆగిపోతుంది. తలతిప్పితే తన మంచం, తన వంటగది, తన పిల్లల బట్టలు.

కండక్టరు ఒకరోజు ఫోన్ చేసి, నవ్వుతున్నట్టుగా, ఇంట్లో గ్యాసు వాసన వస్తున్నట్టే ఉంటోందని చెప్పాడు. స్టవ్ కట్టే ఉంది, సిలిండరూ బాగానే ఉంది, అయినా గంటకోసారి లేచి చూస్తున్నాడట. భార్య తిడుతోందట. పెద్దక్క కూడా నవ్వింది. కానీ తను చేసేది ఆయనకు చెప్పలేదు. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే, తను కాల్‌కీ కాల్‌కీ మధ్య గుమ్మం దాకా వెళ్లి, ఆ ముసలి గుండెల మీద చీర లేచి దిగుతోందా లేదా అని చూసి వస్తోంది. ఒకసారి ముఖం మీద నీడ పడేసరికి కనిపెట్టి అత్తగారు కళ్లు తెరవకుండానే అంది: "పోలేదులే అమ్మాయ్. వెళ్లి నీ పని చూసుకో."

గువ్వ మాత్రం ఎప్పుడు అడిగినా "బాగానే ఉన్నానక్కా" అనేది. ఆ "బాగానే" రోజురోజుకీ సన్నబడుతున్నట్టు పెద్దక్కకు అనిపించింది. ఇంటికెళ్లి నిలదీసి అడగాలనుకుంది. ఆ రోజు కుదరలేదు, మర్నాడూ కుదరలేదు.

ఆ తర్వాతి రోజు పొద్దున పదకొండు గంటల వేళ గువ్వకో కాల్ వచ్చింది. ఒక ముసలావిడ. మనవరాలు నీళ్ల తొట్టిలో తలకిందులుగా పడింది. బయటికి తీశారు, ఊపిరి లేదు. జట్టు పెద్దగా ఎవరి కాల్ అయినా వినే వీలు పెద్దక్కకు ఉంది. బండి పంపమన్న ఎర్ర గుర్తు తెరమీద కనపడగానే ఆ లైనులోకి వెళ్లింది. గువ్వ గొంతు నిలకడగానే ఉంది. తల వెనక్కి వంచండమ్మా, ముక్కు మూసి నోట్లోకి ఊదండి, రొమ్ము లేస్తోందా చూడండి. ముసలావిడ ఊదుతున్న చప్పుడు వినపడుతోంది. ఆ వెనకాల ఎవరో ఒకటే అరుపు.

అంతలో లైను తెగిపోయింది. గువ్వ ఉండే వీధిలో కరెంటు పోయింది.

ముసలావిడ మళ్లీ చేసింది. ఈసారి కాల్ కండక్టరుకు వెళ్లింది. ఆయన మొదటి మాటతోనే అందుకుని, ఊదమంటూ, నొక్కమంటూ, బండి వచ్చేదాకా వదలకుండా మాట్లాడాడు. బండి వచ్చింది. బిడ్డని ఎక్కించారు. తెరమీద ఆ కాల్ మూసుకుంది.

గువ్వ పేరు పక్కన దీపం మాత్రం, లైన్లో లేదన్నట్టు, బూడిద రంగులోనే ఉంది. కరెంటు వచ్చేసిందని జట్టులో ఆ వీధిలోనే ఉండే ఇంకొకావిడ చెప్పింది. పెద్దక్క గువ్వ మొబైల్‌కి చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. పక్కింటావిడకు చేస్తే, తనకు ఒంట్లో బాగాలేదనీ, పాపని ఇవాళ తల్లి దగ్గరే ఉంచాననీ చెప్పింది.

పెద్దక్క హెడ్‌సెట్ తీసేసింది. పాప ఇంట్లోనే ఉంది. ఆ కాల్ అంతసేపూ అక్కడే ఉంది.

జట్టు కాల్స్ అన్నీ కనపడే తెర చూసుకోమని కండక్టరుకు చెప్పి, అత్తగారికి సైగ చేసి, చెప్పులు తొడుక్కున్నదో లేదో కూడా తెలియకుండా వీధిలో పడింది. పరుగెత్తే వయసు కాదు, అయినా పరుగెత్తింది. ఇన్నేళ్లూ ఎదుటివాళ్లకు "భయపడకండి, నేను చెప్పినట్టు చేయండి" అని చెప్పిన మనిషికి, తనకా మాట చెప్పేవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

గువ్వ ఇంటి గుమ్మం కింది నుంచి నీళ్లు పారుతూ మెట్ల మీదికి వస్తున్నాయి.

తలుపు లోపల గడియ. పెద్దక్క అరిచేతులతో బాదింది. పిలిచింది. లోపల్నుంచి నీళ్లు కుమ్మరిస్తున్న చప్పుడు వస్తోంది. పాప గొంతు వినపడలేదు. అది వినపడని ఆ కాసేపు ఎలా గడిచిందో పెద్దక్క తర్వాత ఎవరికీ చెప్పలేకపోయింది.

"గువ్వా, నేనే. తలుపు తియ్యి. ముసలావిడ మళ్లీ చేసింది. కండక్టర్ ఎత్తాడు. వింటున్నావా? కండక్టర్ ఎత్తాడు."

చప్పుడు ఆగింది. కాసేపటికి గడియ కదిలింది.

గువ్వ ఒక చేత్తో పాపని నడుముకు అదిమి పట్టుకుని ఉంది. తెగిన హెడ్‌సెట్ తీగ మెడలోంచి వేలాడుతోంది. ఇంట్లో బకెట్లూ, బిందెలూ, డ్రమ్మూ అన్నీ బోర్లించి ఉన్నాయి. చివరికి మంచినీళ్ల కూజా కూడా. పాప తల్లి భుజం పక్క నుంచి పెద్దక్కను చూసి, ఏడవాలో వద్దో తెలియనట్టు పెదవి బిగించింది. బతికే ఉంది, తడిసి ఉంది, అంతే.

"ఇంట్లో ఒక్క చుక్క ఉండకూడదక్కా," అంది గువ్వ.

"ఉండొద్దులే."

"నేను వదిలేశాను. ఆవిడ ఊదుతోంది, నేను వదిలేశాను."

"వదల్లేదు. కరెంటు పోయింది. నీ తర్వాత కండక్టర్ పట్టుకున్నాడు. బండి వెళ్లింది."

"బతికిందా?"

ఆ మాట వాళ్ల పనిలో ఎవరూ అడగరు. బండి ఎక్కిన మనిషి సంగతి ఇక వాళ్లది కాదు, అడిగితే తర్వాతి ఫోన్ ఎత్తలేరని నియమం. ఆ నియమం కొత్తవాళ్లందరికీ నేర్పింది పెద్దక్కే. తడి గచ్చు మీద గువ్వ పక్కన చతికిలబడి, ఆమె బండి డ్రైవరుకు ఫోన్ చేసింది.  అవతల మోగినంతసేపూ గువ్వ ఆమె చీర కొంగు పిడికిట్లో పట్టుకునే ఉంది.

ఊపిరి ఆడుతోందని డ్రైవరు చెప్పాడు. ఆసుపత్రిలో అప్పజెప్పేటప్పటికి ఏడ్చింది కూడా. ఆ పైన తనకు తెలియదన్నాడు.

ఏడ్చిందన్న మాట విన్నాక గానీ గువ్వ ఏడవలేదు.

ఆఫీసులో అయితే కాల్ తెగితే పక్క కుర్చీలోవాళ్లు అందుకోవడం చెవిన పడేది. ఇంట్లో ఆ పక్క కుర్చీ లేదు. ఆ సాయంత్రమే పెద్దక్క ఆఫీసరు గారికి ఫోన్ చేసి ఈ మాటే చెప్పింది. ఇద్దరిద్దరు ఒకే ఇంట్లో కూర్చోవాలనీ, మిగతావాళ్లందరి మధ్యా ఒక లైను పొద్దంతా తెరిచే ఉండాలనీ అడిగింది. ఆయన నియమాలన్నారు, గోప్యత అన్నారు. పై వాళ్లను అడగాలన్నారు.

"అడగండి సార్. వాళ్లు చెప్పేదాకా నా జట్టులో ఎవర్నీ ఒంటరిగా కూర్చోబెట్టను."

పై వాళ్లతో తను మాట్లాడతానని ఆయన ఫోన్ పెట్టేశారు.

మర్నాటి నుంచి గువ్వ పెద్దక్క ఇంటికొచ్చింది. పాప అత్తగారి దగ్గర. ఆవిడకు చెవులు వినపడవు, పాప నోరు ఆగదు, ఇద్దరికీ చక్కగా కుదిరింది. కండక్టరు జట్టులోని ఇంకొకాయనతో కలిసి కూర్చున్నాడు. తెరిచిన లైనులో ఎవరి ఇంటి కుక్కర్ కూతో, ఎవరి దగ్గో వినపడుతూ ఉండేది. "గ్యాసు కట్టావా కండక్టరూ?" అని ఎవరో అడిగేవారు. ఆయన కట్టాననేవాడు. అయినా లేచి చూసేవాడని అందరికీ తెలుసు.

నీళ్లలో పడిన పిల్ల ఇంటికి చేరిందని తర్వాతెప్పుడో డ్రైవరు దారిలో కనిపించి చెప్పాడు. గువ్వ విని తల ఊపింది. ఆమె ఇంట్లో నీళ్లు పట్టుకోవడం మానలేదు గానీ, డ్రమ్ము మీద మూత పెట్టి, మూత మీద రుబ్బురాయంత బరువు పెడుతుంది. వద్దని పెద్దక్క ఎప్పుడూ అనలేదు.

ఒక పొద్దున ఇద్దరూ హెడ్‌సెట్లు తగిలించుకుంటుండగా పెద్దక్క తన చేతులు గువ్వ ముందు చాపింది. చల్లగా ఉన్నాయి.

"రోజూ ఇంతే నాకు," అంది. "మొదటి ఫోన్ మోగేదాకా."

గువ్వ తన చేతులు కూడా చాపింది. అవీ అంతే. ఆమె ఏదో అనబోయేలోగా ఫోన్ మోగింది. గువ్వ ఎత్తి, "చెప్పండమ్మా, భయపడకండి, వింటున్నాను," అంది.