తడిసిన కంజీర

ఎవరైనా దయ్యం ఉందంటే, అడ్రస్ చెప్పండి, వెళ్లి కలిసొస్తాను అనేవాణ్ని. ఇప్పటికీ పెద్దగా మారలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మాది నల్లగొండ దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాబా ఇంట్లో గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ని. ఇంటావిడ సుశీలమ్మగారిది గుంటూరు వైపు. భర్త పోయి మూడేళ్లు. నా గదికి ఆనుకుని ఉన్న ఆయన గదికి ఎప్పుడూ తాళమే.

ఎల్‌బీ నగర్‌లో జరిగే తెలంగాణ సభలో మా పాటల బృందానికి నేను బేస్ గిటార్ వాయించాలి. మామూలుగా వేళ్లతో మీటడంలో నాకు తిరుగులేదు. కానీ బృందం నడిపే యాదన్నకు స్లాప్ కావాలి. అంటే బొటనవేలి కణుపుతో తీగను కొట్టాలి, డప్పుకు దీటుగా దరువు పలకాలి. నేను కొడితే చెక్క మీద కొట్టినట్టు 'టక్' అనేది.

"ఏందిరా గిది? ఎల్లుండి సభ. రేపటికి రాకుంటే నిన్ను పక్కకు పెడ్త, ఏమనుకోకు," అన్నాడు యాదన్న.

తల కొట్టేసినట్టయింది. సభలో వాయిస్తున్నానని ఊరంతా టముకు వేసుకున్నాను మరి! ఒక్క సుశీలమ్మగారికే చెప్పలేదు. సభ సంగతి తెలిస్తే గది ఖాళీ చేయమంటారని భయం. కాలేజీ ఫంక్షన్ అని అబద్ధమాడాను.

మర్నాడు బంద్. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు, రోడ్డు మీద బస్సుల చప్పుడు కూడా లేదు. యాంప్లిఫయర్ లేకుండానే సాధన చేస్తున్నాను. టక్. టక్. గోడ అవతల 'ధుం' అని వినిపించింది, వెంట చిన్న బిళ్లల గలగల.

నేను కొట్టిన దరువే, కాకపోతే సరిగ్గా. మళ్లీ కొట్టాను. మళ్లీ జవాబు. కిటికీలోంచి చూస్తే సుశీలమ్మగారు వాకిట్లో వడియాలు పెడుతున్నారు. నిజం చెప్తున్నాను, భయం వేయలేదు. పౌరుషం వచ్చింది. ఆ దరువు వెంటపడ్డాను. గంటలోపే నా తప్పు దొరికింది. కొట్టాక వేలును తీగ మీదే ఉంచేస్తున్నాను! కొట్టీ కొట్టగానే వెనక్కి తీశాను. తీగ ఖంగుమంది. అవతల చప్పుడు ఆగిపోయింది.

పరుగున వెళ్లి సుశీలమ్మగారికి చెప్పాను. ఆమె వచ్చి ఆ గది తాళం తీశారు. కిటికీ గడియ వేసే ఉంది. మేకుకు అంచున బిళ్లలున్న కంజీర ఒకటి వేలాడుతోంది. దాని తోలు తడిగా ఉంది. మండుటెండాకాలం, పైకప్పు పొడిగా ఉంది.

"భజనకి ముందు మా ఆయన ఇలాగే నీళ్లు చిలకరించేవారు బాబూ, నాదం లోతుగా పలుకుతుందని. నేర్చుకోడానికి వచ్చినవాళ్లకి మొదటి మాట ఒకటే. కొట్టిన వేలు అక్కడే కాపురం పెట్టకూడదు అనేవారు."

ఇక దాచలేకపోయాను.

"అమ్మా, అబద్ధం చెప్పిన. కాలేజీ ఫంక్షన్ కాదు, తెలంగాణ సభ."

"నువ్వు పాడుకునే పాటలు నాకు వినబడవా ఏంటి?" అన్నారు, చెంగుతో కంజీర తుడుస్తూ. "ఆయనకీ వినబడే ఉంటాయి. వెళ్లి బాగా వాయించు."

బాగానే వాయించాను. యాదన్న స్టేజీ మీదే నా వీపు చరిచాడు. ఆ తోలు ఎవరు తడిపారో మాత్రం ఈనాటికీ చెప్పలేను.

సభ రోజు ఇంట్లోంచి బయల్దేరే ముందు ఆ గోడను బొటనవేలితో ఒక్కసారి కొట్టి చూశాను. జవాబు రాలేదు. రానందుకు చాలా బాధేసింది.