వరదలో పోయిన గదికి పన్ను

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఇంటి పన్ను వేసే మనిషి ఇళ్ల దగ్గరికి వచ్చేవాడు కాదు. దుమ్ముగూడెం పోయే దారిలో, గోదావరికి దగ్గరగా ఉండేది మా ఊరు. బిల్ కలెక్టర్ బస్సు దిగి హోటల్లో కూర్చుని, టీ తాగుతూ రిజిస్టర్ నింపేసేవాడు. కోళ్లు పంపినవాళ్ల డాబా రేకుల షెడ్డయ్యేది. పంపనివాళ్ల పూరిల్లు పెంకుటిల్లయ్యేది. అది దొంగతనమని ఊరందరికీ తెలుసు. తెలిసీ ఆ మనిషిని చూస్తే లేచి నిలబడేవాళ్లు. మా నాన్న ఏటా రెండు నాటుకోళ్లు పంపి, తనంత తెలివైనవాడు లేడనుకునేవాడు.

మా పెద్దమ్మ ఏమీ పంపేది కాదు. మిషన్ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరై, మా పక్కనే పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. నేను ఐదో తరగతి చదివేటప్పుడు గోదావరి పొంగి ఆమె ఇంటి వెనక గది కూలిపోయింది. మరుసటి ఏడాది నోటీసులో ఆ గది చెక్కుచెదరకుండా ఉంది. పైగా బిల్ కలెక్టర్ ఇల్లంతా డాబా అని రాసి పన్ను మూడింతలు చేశాడు. కట్టకపోతే సామాను జప్తు చేస్తారు. అంతకుముందే ఒక కూలివాళ్ల ఇంట్లోంచి వంట గిన్నెలు మోసుకుపోవడం నేను చూశాను.

ఆమె తరఫున కూడా కోళ్లు తానే పంపుతానన్నాడు నాన్న. కుళ్లిన గాయానికి కట్టు విప్పేటప్పుడు చూసినట్టు చూసింది పెద్దమ్మ ఆయన్ని.

ఆ సాయంత్రమే ఇల్లంతా కొలిచి కాగితం మీద రాసుకుంది. రాస్తూ నాకు చెప్పింది. పన్ను ఎవడి ఇష్టం కాదట. ఇంటి పొడవు వెడల్పులు, పైకప్పు రకం, కిరాయికిస్తే ఏడాదికి ఎంత వస్తుందనే అంచనా, వీటిని బట్టి వేయాలట. తప్పు వేస్తే నోటీసులోని గడువు లోపల అర్జీ రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలట.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్లింది. బిల్ కలెక్టర్ అర్జీ చూసి నవ్వాడు.

"గింత దానికి అర్జీ ఏందమ్మా? పాత పన్నుకు సగం చేస్త, పో."

"తగ్గించుమని నేను అడుగలే. వచ్చి కొలువుమన్న," అంది పెద్దమ్మ. "ముందు రిజిస్టర్ చూపియ్యి."

విసుక్కుంటూ రిజిస్టర్ తోశాడు. ఆమె గొంతెత్తి చదివింది. రైస్ మిల్లు యజమాని రెండంతస్తుల మేడ అందులో పశువుల కొట్టమని ఉంది. ఆ లైను రెండుసార్లు చదివింది. వసారాలో ఉన్న పదిమంది మగవాళ్లు నేల చూపులు చూశారు. వాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు.

సంతకమైతే పెట్టాడు గానీ, కొలవడానికి రాలేదు. గడువు దాటకముందే పెద్దమ్మ బస్సెక్కి వెళ్లి పై అధికారికి మరో అర్జీ ఇచ్చింది. వారం తర్వాత ఆయన బిల్ కలెక్టర్ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటి వెనక ఆముదం మొక్కలు తప్ప ఏమీ లేవు.

"గది ఏదమ్మా?" అన్నాడు అధికారి.

"రాసినాయన పక్కనే ఉన్నడు, అడుగుండ్రి."

అధికారి అతని చేతికి టేపు ఇచ్చి కొలవమన్నాడు. ఊరిని వణికించినవాడు మొక్కల మధ్య టేపు పట్టుకుని చెమటలు కక్కుతుంటే, ఇంతేనా వీడు అనిపించింది నాకు.

అధికారి గదిని కొట్టేసి, డాబాను పెంకుటిల్లని దిద్దాడు. అప్పుడు పెద్దమ్మ ముందు వైపు కొత్తగా కట్టించిన వంటింటిని చూపించింది. "ఇది మీ రిజిస్టర్ల లేదు. రాసుకోండ్రి," అంది. చివరికి పన్ను ఇంచుమించు పాతదానితో సమానమైంది. బిల్ కలెక్టర్ చేస్తానన్న సగం కంటే ఎక్కువే. పిచ్చిదని నాన్న నవ్వాడు. ఆమె కట్టి రసీదు తెచ్చుకుంది.

ఊళ్లో మరొకరు అర్జీ పెట్టలేదు. మిల్లు యజమాని మేడ రిజిస్టర్లో కొట్టంగానే ఉండిపోయింది.

నాకిప్పుడు అరవై దగ్గరపడుతున్నాయి. కుర్చీలో కూర్చుని మన బతుకు గురించి చూడకుండా రాసేవాళ్లంటే భయం ఆ ఆముదం మొక్కల దగ్గరే పోయింది. దాని చోట చులకన మిగిలింది. వాళ్ల ముందు నవ్వుతూ నిలబడే మాబోటి వాళ్ల మీద అది ఇంకాస్త ఎక్కువ. ఆ చులకన పోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు.