ఫిల్టర్ వెనక అద్దం

పాత రేంజ్‌ఫైండర్ కెమెరాకు ఒక హుడ్ కొనాలనుకోవడంతో మొదలైంది ఇదంతా. ఆ ఆలోచన రాకపోయి ఉంటే ఇప్పటికీ నా సాయంత్రం టీ నరసరావుపేటలో మా స్నేహితుడి స్టూడియోలోనే గడిచిపోతూ ఉండేది.

ఆ కెమెరా మా పత్రికలో సీనియర్ ఫొటోగ్రాఫర్‌ది. నేను వార్త రాసేవాణ్ణి, ఆయన బొమ్మ తీసేవాడు. మాచర్ల నుంచి చిలకలూరిపేట దాకా ఆయన స్కూటర్ వెనక కూర్చుని తిరిగాను. దేన్ని చూడాలో, దేన్ని చూసీ రాయకూడదో నాకు ఆయనే నేర్పాడు. ఆసుపత్రి మంచం మీద నుంచి కెమెరాను నా చేతుల్లో పెట్టి, "పాత అద్దంరా ఇది. పైపూత మెత్తన. దుమ్ము పడితే ఊది వదిలెయ్యి, గుడ్డ మాత్రం తగలనీమాక" అన్నాడు. ఆయన నాకు చెప్పిన చివరి జాగ్రత్త అదే.

ఆయన పోయిన కొన్నాళ్లకు నా స్నేహితుడు కెమెరా అడిగాడు. పిడుగురాళ్లలో పెళ్లి ఉంది, తన కెమెరా మొరాయించింది. బడి రోజుల నుంచీ ఒకే బెంచీ మాది, అనుమానం ఎందుకొస్తుంది? ఇచ్చాను. తిరిగిచ్చేటప్పుడు లెన్సు ముందు కొత్త ఫిల్టర్, పల్చటి గాజు బిళ్ల, బిగించి తెచ్చాడు.

"నా బహుమానంరా. గురువుగారి అద్దం గదా, దీన్ని మటుకు తీయమాక. దెబ్బ తగిల్తే దీనికి తగుల్తది, అద్దం బాగుంటది" అన్నాడు.

నాకు కళ్లు చెమర్చాయి. ఆ ఫిల్టర్‌ను తీయలేదు.

ఈ కెమెరాల్లో మనం కన్నుపెట్టి చూసే కిటికీ వేరు, బొమ్మ పడే అద్దం వేరు. లెన్సుకు మూత ఉన్నా కిటికీలో లోకమంతా చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. ఎత్తిపోతల జలపాతానికి ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడు రీలంతా అలా మూత పెట్టే తీశాను. నల్లగా వచ్చిన రీలును వెలుతురుకు పట్టుకుని మా ఆవిడ, "నీళ్లు గూడా నల్లగానే పడినయ్యేందండీ?" అంది. ఆ రోజే మూతకు ఎర్రదారం కట్టింది, వేలాడుతూ కళ్లముందు ఆడుతుందని.

కెమెరా తిరిగొచ్చినప్పటి నుంచీ ఇంకో తేడా కూడా గమనిస్తూ వచ్చాను. ఎండకు ఎదురుగా తీస్తే చాలు, బొమ్మ మీద పల్చటి పాలు పోసినట్టు తెరపడేది. స్నేహితుణ్ణి అడిగితే, "పాత అద్దాలు అంతేరా. ఎండ నీ వీపున పడేట్టు నిలబడు, సరిపోద్ది" అనేవాడు. అలాగే నిలబడ్డాను. మా ఇంటి ఆల్బమ్‌లో అందరూ ఎండకేసి చూస్తూ ఉంటారు. మా ఆవిడ అయితే ప్రతి ఫొటోలోనూ కళ్లు చికిలించే ఉంటుంది.

ఉద్యోగం అయిపోయాక బ్లాక్ అండ్ వైట్ రీళ్లతో మళ్లీ మొదలుపెట్టాను. ఎదురెండ తెరను తగ్గించాలంటే హుడ్ ఉండాలని చదివాను. పక్క నుంచి పడే వెలుతురును ఆపే చిన్న గొట్టం అది. వారాల తరబడి ఫోన్లో అవే చూశాను. లోతైన గొట్టం వెలుతురును బాగా ఆపుతుంది గానీ కిటికీలో ఒక మూలను మింగేస్తుంది. పక్కన చీలికలున్నదైతే ఆ చీలికల్లోంచి మూల కనిపిస్తుంది. నాకు అదే నచ్చింది. మబ్బులు తేలడానికి లేత పసుపు ఫిల్టర్ ఒకటి. మూత మాత్రం హుడ్ మీద నుంచి తొడిగేది వద్దనుకున్నాను. లోపల మెత్తటి గుడ్డ అంటించిన లోహపు మూత, పాత ఎర్రదారం కట్టుకోవడానికి వీలుగా ఉండేది చాలు.

స్నేహితుడికి చెబితే టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకురా నీకు? ముసలోడికి కూలింగు గ్లాసులు పెట్టినట్టు."

"చవగ్గానే దొరుకుతోంది."

"దొరికితే దొరికిందిలే. ఉన్న ఫిల్టర్ ఉంది గదా, దాన్ని కదిలించమాక."

వద్దనడంలో ఏదో తొందర ఉంది. ముఖాల్లో మార్పును కనిపెట్టడమే ఒకప్పుడు నా బతుకుతెరువు. అయినా అతని ముఖాన్ని అలా చదవాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఫిల్టర్ మీదనే హుడ్ బిగిస్తే బొమ్మ మూలలు నల్లబడతాయి. ముందు దాన్ని తీయాలి. ఎంత తిప్పినా రాలేదు. చివరికి కడిగి ఆరబెట్టిన హవాయి చెప్పును బోర్లించి, దాని రబ్బరు అడుగుకు ఫిల్టర్ అంచును అదిమి తిప్పాను. కిర్రుమని కదిలింది.

మామూలుగా చూస్తే అద్దంలో ఏమీ లేదు. ఫోన్ టార్చి పక్క నుంచి వేశాను. మసిగిన్నెను ఇసుకతో తోమినట్టు గీతలు. ఒకటి కాదు, చుట్టలు చుట్టలుగా, చేయి తిరిగిన వాటం తెలిసేలా. ఫిల్టర్ వేశాక అవి పడే వీలు లేదు, కెమెరా అతనికి ఇచ్చినప్పుడు అద్దం శుభ్రంగా ఉంది.

మర్నాడు కెమెరా తీసుకెళ్లి అతని కౌంటర్ మీద పెట్టాను. ఫిల్టర్ పక్కన పెట్టాను. ఏమైందని అతను అడగలేదు.

"తీశావా?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు చెప్పాల్సింది చెప్పేశాడు.

పెళ్లికొడుకును ఎదుర్కోలుకు తీసుకొస్తుంటే, సున్నపు బట్టీల దారిలో నిలబడి తీశాడట. అద్దం నిండా తెల్లటి పొడి. మెడలో ఉన్న కండువాతోనే తుడిచాడు. ఆ కండువా కూడా ఆ దారి దుమ్ములోనే తిరిగింది. సున్నపు పొడితో మరీ మరీ తుడిచి, తెర పోవడం లేదని ఇంకా గట్టిగా తుడిచాడు. ఆ ఊళ్లో ఎవరైనా కళ్లద్దాలు అలాగే తుడుచుకుంటారు.

"నాకు చెప్పొచ్చు గదరా."

"ఎట్టా చెప్పను? గురువు పోయిన దుఃఖంలో ఉన్నావు."

"ఇన్నేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు..."

అతను బయట వీధికేసి చూశాడు. "చెల్లెమ్మకు తెలుసులే" అన్నాడు.

ఫిల్టర్ అక్కడే వదిలేసి లేచాను. గీతల సంగతి నాకు అప్పటికే చిన్నదైపోయింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ పెరటి గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. అడిగాను. చేయి ఆగింది.

"అన్నయ్య వచ్చి చెప్పాడు అప్పుడే. నేనే వద్దన్నా. అప్పుడు మీరు ఎట్టా ఉన్నారు? కంచం ముందు కూర్చుని లేచిపోయేవాళ్లు. ఇది గూడా ఏం చెప్పను?"

"తర్వాత?"

"తర్వాత ఎప్పుడు చెప్పాలో తెలియలా. రోజులు గడిచేకొద్దీ మరీ కష్టమైంది."

"అందుకేనా ఎండలో నిలబెట్టినా మాట్లాడలేదు?"

"నాలుగు క్షణాలు కళ్లు చికిలించుకుంటే పోలా?"

నాకోసమే అయినా, నా చుట్టూ ఇద్దరూ కలిసి ఒక అబద్ధాన్ని మోశారు. నేను ఆ అబద్ధాన్ని నమ్మి, ఎండ ఎటుంటే అటు వీపు పెట్టి, నా లోకాన్ని సర్దుకున్నాను. స్టూడియోకు వెళ్లడం మానేశాను. అతని ఫోన్ వస్తే తీయలేదు.

ఆర్డర్ పెట్టిన హుడ్ వచ్చింది. గీతలున్న అద్దానికే ఇది ఎక్కువ అవసరమని బిగించాక తెలిసింది. సాయంత్రం మా ఆవిడ మళ్లీ ఆ గుమ్మంలోనే ఉంది. వెనక ఎండ ఎర్రగా దిగుతోంది. కెమెరా చూడగానే అలవాటుగా లేచి, ఎండకేసి తిరగబోయింది.

"కూర్చో. అటే ఉండు."

"ఎదురెండ గదండీ?"

"తెలుసు."

కూర్చుంది. నావైపు చూసింది. వెలుతురు వెనక ఉండడంతో ఆమె కళ్లు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. వాటిలో భయం ఉంది. ఇన్నేళ్లలో ఏ ఫొటోలోనూ నాకు కనిపించని కళ్లు.

"కోపం పోయిందా?" అంది.

"లేదు. కదలమాక" అన్నాను. మూత తీసి ఉందో లేదో చూసుకున్నాను. ఎర్రదారం నా వేలికే చుట్టుకుని ఉంది. నొక్కాను.