రెండో పీటతో బెల్లంపల్లి దాకా

శనివారం పొద్దున ఏడింటికి హనుమకొండలో కరీంనగర్ బస్సెక్కాను. భుజాన గుడ్డసంచి, చేతిలో తాడుతో జోడించి కట్టిన రెండు పీటలు. సంచిలో రెండు ఇత్తడి పళ్లేలు, ఒక గిన్నె, చింతపండు, ఉల్లిగడ్డలు, ఒక కందిలి. నా నాటకానికి సరంజామా అంతా ఇంతే.

కండక్టరు పీటల దగ్గర ఆగాడు. "ఏంది సారూ, పెండ్లికా?"

"కాదు, నాటకానికి."

"నాటకమంటే కిరీటం ఉండాలె, గద ఉండాలె. పీటలేంది?" అని నవ్వి, వాటికి విడిగా లగేజీ టికెట్టు చింపాడు. పెండ్లికి కాదయ్యా, ఆ తర్వాతి ముచ్చటకు అని చెబుదామనుకున్నాను. పొద్దున్నే ఎందుకులే అని ఊరుకున్నాను.

అసలు ఎందుకు బయల్దేరానో చెప్పాలి. నేను బడిలో డ్రాయింగు మాస్టారుని. మూడేళ్ల కిందట నా భార్య జ్వరంతో పోయింది. పిల్లల్లేరు. ఆమె ఉన్నన్నాళ్లూ సాయంత్రం వంటింట్లో పీట వేసుకుని ఊళ్లో సంగతులన్నీ నేను చెప్పేవాణ్ణి, ఆమె ఊ కొట్టేది. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు. ఆమె పోయినా నా నోరు ఊరుకోలేదు. పచ్చిపులుసు పిసుక్కుంటూ ఖాళీ పీటతో మాట్లాడుతున్నానని ఒకనాడు నాకే తెలిసొచ్చింది. నలుగురికీ తెలిస్తే పిచ్చి పట్టిందంటారు. అదే నాటకమంటే ఎంతసేపు మాట్లాడినా ఎవరేమంటారు! అందుకని దానికి "రెండో పీట" అని పేరు పెట్టాను. పద్యాల్లేవు, హార్మోనియం లేదు, తెర కూడా లేదు. ఒక మనిషి పులుసు చేస్తూ ఎదుట పెళ్లాం ఉన్నట్టు మాట్లాడతాడు. ఏదో అడిగి ఆగుతాడు. జవాబు రాదు. చివరికి "దీపం తగ్గియ్యాల్నా?" అని అడిగి, ఆగి, తనే తగ్గిస్తాడు.

మా ఊళ్లో ఆడితే స్నేహితులే సగంలో చెప్పులు వెతుక్కున్నారు. కరీంనగర్‌లో, బెల్లంపల్లిలో కూడా చివరిదాకా చూసేవాళ్లు దొరక్కపోతే పీటలు అటకెక్కించేద్దామని ఒట్టు పెట్టుకున్నాను. అవి అటకెక్కితే ఆమెతో మాట్లాడటానికి ఉన్న ఒక్క సాకూ పోతుంది. ఆ దిగులుతోనే హుజూరాబాద్‌లో చాయ్ తాగాను. చాయ్ మాత్రం మంచిగా ఉంది.

మానేరు దాటి పది గంటల ప్రాంతంలో కరీంనగర్‌లో దిగాను. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గది దొరికింది. భోజనంలో దోసకాయ పప్పు బాగుంది. గదిలో నల్లులకు కూడా భోజనం బాగానే కుదిరింది.

ఆరింటికి ఒక బడి హాల్లో నాటకం. ఉచితం కాబట్టి జనం నిండుగా వచ్చారు. పీటలు వేసి కూర్చుని, చింతపండు పిసుకుతూ మాట మొదలుపెట్టాను. వాళ్లూ మొదలుపెట్టారు. పత్తి ధర, మేనమామ మొండితనం, ఎవరింటి బర్రె ఈనిందో అన్నీ వినిపిస్తున్నాయి. నేను గొంతు పెంచితే వాళ్లూ పెంచారు. అలాగే లాక్కొచ్చి, కందిలి తగ్గించి, లేచి దండం పెట్టాను. ముందు వరుసలో తలపాగా పెద్దమనిషి ఎంతో మర్యాదగా అడిగాడు. "తిన్నరా సారూ? ఇగ జర షురూ చేయుండ్రి. దేవుని వేషమాయన ఇంక రాలేదా?"

నన్ను నాటకం వాళ్ల వంటమనిషి అనుకున్నారు! ఇదే నాటకమని చెప్పేసరికి తలపాగా ఆయన మొహం పాలిపోయింది. "గిదా? గిది మా ఇంట్ల రోజూ అయితది గద," అన్నాడు. పాపం, నా పరువు నిలబెడదామని కొందరు చప్పట్లు కొట్టారు. దానికంటే తిట్టినా బాగుండేది. ఎవరూ లేచిపోలేదు, ఎవరూ చూడనూ లేదు. దీన్ని నా ఒట్టులో ఎటు కలపాలో తెలియక, ఆకలి చచ్చి, మిగిలిన పులుసు లాడ్జి పెరట్లో పారబోశాను.

ఆదివారం పొద్దున బస్సులో పెద్దపల్లి వెళ్లి ప్యాసింజరు పట్టుకున్నాను. అది రావలసిన వేళకు రాదు, మీరెవరైనా వెళ్తే తినడానికేమైనా దగ్గర పెట్టుకోండి. పెట్టెలో ఎదుట కూర్చున్న ముసలి రైతు పీటలనే చూస్తున్నాడు.

"ఒకటి నీది. రెండోది ఎవలది?"

"మా ఆమెది."

"ఆమె యాడ దిగుతది?"

"ఎప్పుడో దిగింది."

ఆయన సంచిలోంచి జామకాయ తీసి సగం నాకిచ్చాడు. గోదావరి దాటేటప్పుడు అందరూ పైసలు వేసి మొక్కారు. నేనూ వేశాను. ఏం కోరుకోవాలో మాత్రం తోచలేదు.

బెల్లంపల్లి స్టేషనుకు కిష్టయ్య వచ్చాడు. నా దగ్గర చదువుకున్నవాడు, ఇప్పుడు బొగ్గుబాయిలో పని. వాళ్లది వరుసగా కట్టిన క్వార్టర్లలో ఒకటి. వరుసంతటికీ ఒకటే రేకుల కప్పు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు కప్పును అంటవు, పైన జానెడు ఖాళీ. ఒకరు పోపు వేస్తే నాలుగిళ్లు తుమ్ముతాయి.

కిష్టయ్య తల్లి మల్లవ్వ నాకు జొన్నరొట్టె పెట్టి, పొయ్యి దగ్గరికి పోయి తనలో తాను అంది. "ఇయ్యాల నల్ల సరిగ రాలే."

"ఊ," అని గోడ అవతలి నుంచి వినిపించింది.

"బిందె నిండనే లేదు."

"ఊ."

నేను నమలడం ఆపేశాను. కిష్టయ్య నవ్వాడు. "బాపు బాయిల పానం పోయినంక గిదే కథ సార్. మా అవ్వ మాట్లాడ్తది, అవతల మరాఠీ అవ్వ ఊ కొడ్తది. ఆమెకు తెలుగు సగమే ఎరుక. అయినా ఒక్కనాడు తప్పలే."

నాలుగింటికి క్వార్టర్ల ముందు ఖాళీ జాగాలో నాటకం. మంచి ఎండలో కందిలి వెలిగించుకుని కూర్చోవాలంటే సిగ్గేసింది. జనం నేల మీద కూర్చున్నారు. ముందు వరుసలో మల్లవ్వ, పక్కన మరాఠీ అవ్వ.

"ఇయ్యాల ఉక్కపోస్తుంది గద?" అని ఖాళీ పీటను అడిగి ఆగాను.

"ఊ," అంది మల్లవ్వ.

నాకు ఒళ్లు మండింది. నాటకమంతా ఆ ఆగడం మీదే కట్టాను, మొదటి మాటకే ఈవిడ కూలగొట్టింది! ఇంకొకటి అడిగాను. ఈసారి మరాఠీ అవ్వ కూడా కలిసింది. మూడోసారికి వెనక వరుసలు కూడా ఊ అన్నాయి. ఒక కుర్రకూలీ హుషారెక్కి, వచ్చి రెండో పీట మీద కూర్చోబోయాడు. "లే రా! అది ఆమెది," అని మల్లవ్వ కసిరింది. వాడు నాలిక కరుచుకుని వెళ్లి కూర్చున్నాడు.

అప్పుడు నా కోపం ఎటు పోయిందో పోయింది. రాసుకున్న మాటలు వదిలేశాను. "నిన్న కరీంనగర్ల నన్ను వంటమనిషి అనుకున్నరు తెల్సా?" అన్నాను పీటతో. అందరూ పకపకా నవ్వి, ఊ అన్నారు. నల్లుల సంగతి చెప్పాను, జామకాయ సంగతి చెప్పాను. మూడేళ్లలో ఆమెకు ఒక కబురు పూర్తిగా చెప్పింది ఆ పూటే. ఇంక చెప్పడానికేమీ మిగల్లేదు.

"దీపం తగ్గియ్యాల్నా?"

ఈసారి ఎవరూ తొందరపడలేదు. కాస్త ఆగి, మల్లవ్వ ఒక్కతే, పనిలో ఉండి అన్నట్టుగా, "ఊ," అంది. అచ్చం అలాగే అనేది మా ఆమె. నా చెయ్యి లేవలేదు. ఏడుపు ఆగలేదు, దాచుకోనూ లేదు. మల్లవ్వే లేచి వచ్చి కందిలి తగ్గించింది.

"ఎన్నేండ్లాయె బిడ్డా?" అని మెల్లగా అడిగింది. ఇది నా సొంత కథ అని కిష్టయ్యకు కూడా చెప్పలేదు నేను.

"మూడేండ్లు."

"ఊ," అంది.

పద్యమేదని ఎవరూ అడగలేదు. పులుసు మిగిలిందా అని మాత్రం అడిగారు. గిన్నె ఊడ్చిపెట్టారు.

సోమవారం మధ్యాహ్నం తిరుగు ప్యాసింజరు. మల్లవ్వ రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. "అవ్వా, నా నాటకం అంత చెడగొట్టినవు," అన్నాను నవ్వుతూ.

"ఒక్కడివే మాట్లాడుకుంట ఉంటే చూసుకుంట ఊకుంటమా బిడ్డా? మీ పక్కింట్ల ఎవలున్నరు?"

"ఎవరో గుమాస్తా కుటుంబం. నేనెన్నడూ మాట్లాడలే."

"గోడ ఉంటది గద?"

"ఉంటదవ్వా," అన్నాను.

ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. నాటకం పట్టుకుని అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కరీంనగర్‌లో నాటకం మొదలైందని ముందే గట్టిగా చెప్పండి. బెల్లంపల్లిలో మిమ్మల్ని ఒంటరిగా ఉండనిస్తారని ఆశపడకండి. నా ఒట్టు తీరింది, చివరిదాకా చూసినవాళ్లు దొరికారు, పీటలు అటకెక్కవు. కానీ ఆ ఆగే చోట మళ్లీ ఎవరూ పలకకపోతే ఓర్చుకోగలనా అన్నది తెలియడం లేదు.

ఇంకాసేపటికి కాజీపేట. చీకటి పడే వేళకు ఇంటి తాళం తీస్తాను. పులుసు చేస్తాను. మల్లవ్వ సంగతి ఆమెకు మొదటి నుంచీ చెప్పి, దీపం తగ్గియ్యాల్నా అని అడుగుతాను. మా ఇంటి గోడలు కప్పుదాకా ఉన్నాయి.